దొంగే చెప్పిన కథ

సభకు నమస్కారం. ఆర్. ఎఫ్. క్వాంగ్ 2023లో ప్రచురించిన ‘ఎల్లోఫేస్’ నవల గురించి మాట్లాడమని నల్లగొండ మిత్రులు అడిగారు. కథ టూకీగా చెబుతాను. పేరు మోసిన చైనీస్ అమెరికన్ రచయిత్రి అథీనా లియు, గొంతులో పాన్‌కేక్ అడ్డుపడి, తెల్లజాతి స్నేహితురాలు, తానూ రచయిత్రే అయిన జూన్ హేవర్డ్ కళ్లెదుటే చనిపోతుంది. అథీనా అప్పుడే ముగించిన, ఇంకెవరూ చూడని టైపు ప్రతిని జూన్ పట్టుకెళ్లి, దిద్ది, తన పేరున అచ్చు వేయించుకుంటుంది.

ఈ నవలలోని వ్యంగ్యమంతా కథ చెప్పే గొంతులో ఉంది. జూన్ తనను తాను దొంగ అనుకోదు. మొదట తెగిపోయిన వాక్యాలను అతికిస్తుంది, తరువాత గరుకుగా ఉన్నచోట నునుపు చేస్తుంది, ఆ తరువాత ఇంత చాకిరీ చేసిన పుస్తకం నాది కాకుండా ఎవరిదని మననే అడుగుతుంది. ఆ ప్రతి మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్స్‌లు కూలికి తీసుకువెళ్లిన, దాదాపు 1,40,000 మంది చైనా శ్రామికుల గురించినది. జూన్ చేతిలో అందులోని తెల్లవాళ్లు కాస్త మంచివాళ్లయిపోతారు. పుస్తకం మీద ఆమె పేరు జూనిపర్ సాంగ్ అవుతుంది. సాంగ్ నిజంగానే ఆమె పేరులోని మధ్య భాగం కనుక ఎక్కడా అబద్ధం ఆడినట్టు కాదు, కానీ పాఠకుడు చైనా రచయిత్రి అనుకుంటే కాదనేవారూ లేరు. దొంగ కాని కవీ, దొంగ కాని వర్తకుడూ లేరనీ, దాచడం తెలిసినవాడు నింద లేకుండా హాయిగా ఉంటాడనీ సంస్కృత ఆలంకారికుడు రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ఎప్పుడో అన్నాడు. జూన్ ఆ శ్లోకం చదవకపోయినా ఆచరించింది.

గుట్టు ట్విట్టర్‌కెక్కాక, ఈ వాక్యాలు ఎవరివన్న అసలు ప్రశ్న పక్కకుపోయి, ఏ జాతివారు ఏ కథ రాయవచ్చన్న రభసే మిగులుతుంది. ఆ తిట్ల వర్షం నవల రెండో సగంలో అవసరానికి మించి కురిసిందని నా అభిప్రాయం.

మన జిల్లాలో ఇంకోరకం చూశాం. ‘బండెనక బండి కట్టి’ పాట సాయుధ పోరాటకాలపు బండి యాదగిరిది. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడాక అది గద్దర్ పాటే అనుకున్నవాళ్లు ఎందరో. ఇక్కడ దొంగ లేడు. పెద్ద గొంతు కింద చిన్న పేరు పడిపోయింది. ఇప్పుడు యూట్యూబ్‌లో ‘జానపదం, సేకరణ’ అని వేసి ఊరుకునే పాటల్లో, కట్టినవాళ్లు ఇంకా బతికి ఉన్నవి కూడా ఉంటాయి. రచన తనదని చెప్పుకునే హక్కు, కాపీరైటు అమ్ముకున్న తరువాత కూడా రచయితకే ఉంటుందని 1957 నాటి మన కాపీరైటు చట్టంలోని 57వ సెక్షన్ అంటుంది. అయితే రుజువు చూపించాలి. నవలలో అథీనా నోటుపుస్తకాలను విశ్వవిద్యాలయానికి ఇవ్వబోయిన తల్లిని జూన్ మాయమాటలతో ఆపుతుంది, ఎందుకంటే రుజువు అక్కడుంది. నాట్లు వేస్తూ పాట కట్టిన మనిషి దగ్గర, ఎవరైనా దాచడానికైనా సరే, నోటుపుస్తకమే ఉండదు.