పడకవేళ పోర్చుగీసు: ఒక ఆడియో పాఠంపై నా సమీక్ష

అందరికీ నమస్కారం. రాత్రి పడుకునే ముందు మన అలవాట్లేమిటో పోర్చుగీసులో చెప్పడం నేర్పే ఒక ఆడియో పాఠాన్ని ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో ఉంటూ బ్రెజిల్ నగరమైన సావో పావులో బృందాలతో పనిచేసే తెలుగువారికి ఇది నేరుగా పనికివస్తుంది. ఇక్కడ రాత్రి 10:30 అయినప్పుడు అక్కడ మధ్యాహ్నం 2 గంటలు. బ్రెజిల్ 2019లో వేసవి వేళల మార్పును రద్దు చేసింది కనుక ఈ తేడా ఏడాది పొడవునా మారదు. కాల్ ముగిసే వేళకు 'మీరు ఎన్నింటికి పడుకుంటారు' అన్న ప్రశ్న అటునుంచి రావడం సహజమే.

పాఠం 'కోస్తూము' అనే క్రియతో మొదలవుతుంది. 'కోస్తూము లేర్ ఆంచిస్ జి దోర్మీర్' అంటే నిద్రపోయే ముందు చదవడం నాకు అలవాటు అని అర్థం. 'కోస్తూము' తర్వాత వచ్చే క్రియను ఏమాత్రం మార్చనక్కరలేదు కాబట్టి, పాలు తాగడం, అలారం పెట్టుకోవడం వంటి ఎన్ని అలవాట్లనైనా ఈ ఒక్క మూసలో చెప్పేయవచ్చు. క్రియారూపాల పట్టికలతో బెదరగొట్టకుండా దీన్ని ముందు పెట్టినందుకు పాఠకర్తలను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

తెలుగువారు మరింత శ్రద్ధగా వినవలసింది రెండో భాగం. 'ఎవు మి దేయ్తు ఆస్ ఓంజి', అంటే నేను 11 గంటలకు పడుకుంటాను. ఇందులో 'నన్ను' అని అర్థమిచ్చే 'మి' అనే సర్వనామం చేసే పని, మన 'పడుకుంటాను'లో 'కొను' చేసే పనికి చాలా దగ్గరగా ఉంటుంది. అయితే ఈ పోలికను అన్నిచోట్లా నమ్మకూడదు. మనం పళ్ళు తోముకుంటాం. వారు మాత్రం 'ఇస్కోవు ఉస్ దెంచిస్' అంటారు, అక్కడ 'మి' రాదు. మనకు 'లేస్తాను' అంటే చాలు. వారి వ్యాకరణం 'ఎవు మి లెవాంతు' అని 'మి'ని కోరుతుంది. బ్రెజిల్ వాడుకలో ఈ 'మి' తరచుగా జారిపోతుందని కూడా పాఠం ఒక్క మాట చెప్పి ఉంటే, విన్నప్పుడు తికమక తప్పేది.

నాకు నిజంగా లోటుగా అనిపించింది వ్యతిరేక వాక్యాలు లేకపోవడం. ఈ నగరంలో పడకవేళ గురించి ఎవరిని అడిగినా ముందు వచ్చే జవాబు 'నేను త్వరగా పడుకోను' అనే కదా! పోర్చుగల్ వాడుకలో ఇది మరీ ముఖ్యం: మామూలు వాక్యంలో 'దైతు-మ' అని క్రియ వెనుక నిలిచే 'మ' (బ్రెజిల్ వారి 'మి'యే ఇది), 'కాదు' అనే మాట రాగానే 'నావుఁ మ దైతు సేదు' అని క్రియకు ముందుకు వచ్చేస్తుంది. ఈ కదలిక చెవికి పట్టాలంటే పదేపదే వినాలి, ఆ అవకాశం పాఠంలో లేదు.

ఉచ్చారణ విషయంలో మాత్రం లోపం లేదు. ప్రతి వాక్యాన్నీ ముందు నెమ్మదిగా, ఆపై మామూలు వేగంతో వినిపిస్తారు. బ్రెజిల్ వారి 'బోవ నోయ్చి' మన నోటికి ఇట్టే వస్తుంది. సాధన కావలసింది 'నావుఁ'లోని ముక్కుపలుకుకు. మన పాత తెలుగు పుస్తకాల్లో అరసున్న సూచించిన ధ్వని అటువంటిదే.

లిస్బన్ వారితో మాట్లాడేవారు పోర్చుగల్ రికార్డింగులతోనే మొదలుపెట్టండి. నిద్ర వస్తోందని చెప్పడానికి అక్కడ 'తేన్యు సోను' అంటారు. సావో పావులో వారితోనైతే 'ఇస్తో కోం సోను' అనడమే సహజంగా ఉంటుంది.