దగ్గు మందు సీసా

శ్రోతలకు నమస్కారం.

టీబీ ఉన్న మనిషి ఆసుపత్రికి ఎందుకు రాడు? 1950ల్లో ఈ మాట అడిగితే చాలామంది తడుముకోకుండా జవాబు చెప్పేవారు. పల్లెటూరి వాళ్లకు చదువు లేదు, జబ్బు సంగతి తెలియదు, తెలిసినా పట్టించుకోరు అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఎవరూ వెళ్లి ఆ రోగులనే అడగలేదు.

1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ పెట్టాక ఆ పని జరిగింది. దేవబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు తుమకూరు జిల్లాలో టీబీ ఉందని తేలినవాళ్లను కదిలించి చూశారు. దాదాపు అందరికీ ఒంట్లో తేడా తెలుస్తూనే ఉంది. ఎక్కువమందికి దాని గురించి బెంగ కూడా ఉంది. అంతేకాదు, సగం మంది అప్పటికే వైద్యం కోసం వెళ్లొచ్చారు! వెళ్తే ఏం జరిగింది? తెమడ పరీక్ష లేదు, ఏమీ లేదు. దగ్గు మందు సీసా ఒకటి చేతిలో పెట్టి పంపేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. రోగి తన వంతు పని తాను చేశాడు. పని మానుకున్నాడు, దూరం నడిచాడు, వరసలో నిలబడ్డాడు. తిప్పి పంపింది ఆసుపత్రే. తీరా మాట పడింది మాత్రం రోగి!

ఆ రోజుల్లో మన దేశంలో టీబీ పని చూస్తున్నవాళ్లలో డెన్మార్క్ డాక్టరు ఒకాయన ఉన్నారు. పేరు హాఫ్డన్ మాలర్. 1923లో పుట్టారు, తండ్రి చర్చిలో బోధకుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున 1951లో ఇండియా వచ్చి దాదాపు పదేళ్లు ఉన్నారు. అప్పట్లో టీబీ అంటే శానిటోరియం, అంటే రోగులను నెలల తరబడి ఉంచి చూసే ప్రత్యేక ఆసుపత్రి. రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో. మంచం దొరికినవాడు అదృష్టవంతుడు. 1956లో మద్రాసులో మొదలైన ఒక అధ్యయనం ఈ లెక్కను మార్చేసింది. ఇంట్లో ఉండి మందులు వాడినవాళ్లకూ, శానిటోరియంలో ఉన్నవాళ్లకూ దాదాపు ఒకేలా నయమైంది. కుటుంబంలో మిగతావాళ్లకు జబ్బు అదనంగా అంటుకోనూ లేదు. అంటే మంచం కోసం ఎదురుచూడక్కర్లేదు. మందు ఊరి దాకా వస్తే చాలు.

మాలర్ ఆ తర్వాత ఎక్కిన మెట్లన్నిటి వెనకా ఈ పదేళ్లు ఉన్నాయని నా అభిప్రాయం. 1973లో ఆయన ప్రపంచ ఆరోగ్య సంస్థకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1988 దాకా, మూడు విడతలు. 1977లో ఆ సంస్థ అత్యవసర మందుల జాబితా తెచ్చింది. సుమారు 200 మందులు. బజారులో వేల రకాలు ఉండొచ్చు, ఏ దేశమైనా ముందు ఇవి అందరికీ దొరికేలా చూడాలి అన్నది దాని సారాంశం. మందుల కంపెనీలకు ఇది రుచించలేదు. 1981లో డబ్బాపాల ప్రచారానికి పగ్గాలు వేసే నియమావళి వచ్చినప్పుడు 118 దేశాలు సరే అంటే, కాదన్నది ఒక్క అమెరికాయే.

ఈ మధ్యలో, 1978 సెప్టెంబరులో ఆల్మా ఆటా సమావేశం. ఇప్పుడు అల్మాటీ అంటున్నాం, అప్పట్లో సోవియట్ కజకిస్తాన్‌లో ఉండేది. 134 దేశాల ప్రతినిధులు కూర్చుని ప్రాథమిక ఆరోగ్యమే పునాది అని తేల్చారు. అందులో డాక్టరూ మందూ మాత్రమే లేవు. తాగునీరు, తిండి, పారిశుధ్యం, టీకాలు, తల్లీబిడ్డల సంరక్షణ అన్నీ ఉన్నాయి. '2000 నాటికి అందరికీ ఆరోగ్యం' అనే నినాదం మనలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గోడల మీద చూసి నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. 2000 తర్వాత ఎవరికీ జ్వరం రాదని కాదు దాని అర్థం. మనిషి తన పని తాను చేసుకుంటూ, నలుగురిలో బతకగలిగేంత ఆరోగ్యం అందరికీ ఉండాలన్నారు, అంతే. అదీ జరగలేదనుకోండి.

ఎందుకు జరగలేదు? ఆల్మా ఆటా ముగిసిన ఏడాదికే, ఇదంతా ఖర్చుతో కూడిన పని, నాలుగైదు పనులు ఎంచుకుని అవే చేద్దాం అనే వాదన బలపడింది. ఓఆర్ఎస్ ప్యాకెట్, టీకాలు, తల్లిపాలు, పిల్లల బరువు తూచడం. పిల్లల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యూనిసెఫ్ ఈ దారి పట్టింది. దాన్ని తీసిపారేయలేం, ఎందరో పిల్లలు బతికారు. మాలర్‌కు మాత్రం ఇలా కొన్నే ఏరుకోవడం నచ్చలేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సభలోనే హెచ్చరించారు. నేనూ ఆయన వైపే మొగ్గుతాను. విరేచనాలైన పిల్లాడికి ఓఆర్ఎస్ పట్టించి బతికించుకుంటాం, సరే. మర్నాడు వాడు తాగేది మళ్లీ ఆ నీళ్లే కదా.

ఆయన పొరపాట్లూ ఉన్నాయి. ఎయిడ్స్‌ను మొదట్లో తక్కువ అంచనా వేశారు. 1986లో ఆ మాట నలుగురిలోనే ఒప్పుకున్నారు. మరుసటి ఏడాదే దానికి ప్రత్యేక కార్యక్రమం పెట్టించారు. ఆ స్థాయి అధికారి నోట 'నేను పొరబడ్డాను' అనే మాట మనం ఎన్నిసార్లు విన్నాం?

పదవి దిగి ఇరవై ఏళ్లయ్యాక, 2008లో, 85 ఏళ్ల వయసులో జెనీవాలో ఆ సంస్థ సభకు మళ్లీ వెళ్లి ప్రాథమిక ఆరోగ్యం గురించే మాట్లాడారు. 2016 డిసెంబరులో కన్నుమూశారు.

ఇక తుమకూరు రోగుల సంగతి. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం వాళ్లు చెప్పినదాన్ని లెక్కలోకి తీసుకుంది. దగ్గుతో మామూలు ఆసుపత్రికి వచ్చినవాళ్లకు అక్కడే తెమడ పరీక్ష చేయాలని, మందులు ఉచితంగా ఇంటికే ఇచ్చి పంపాలని పెట్టుకుంది. 'రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోండి' అని రేడియోలో ప్రకటన వింటూనే ఉంటారు. ఈసారి అది వినిపించినప్పుడు, సీసా పట్టుకుని ఇంటిదారి పట్టిన ఆ సగం మందిని ఒకసారి తలుచుకోండి. సెలవు.