నల్లకోటు ఎందుకు వేసుకోవాలి? శ్రోతల ప్రశ్నలకు ఒక నల్లగొండ న్యాయవాది సమాధానాలు

(స్థానిక రేడియోలో ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమానికి అక్షర రూపం. శ్రోతల పేర్లు తొలగించి, ఊరి పేర్లు మాత్రమే ఉంచాం.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్‌లో ఎంత ర్యాంకు వస్తే ఏ కాలేజీలో సీటు దొరుకుతుందని అడిగేవారు ప్రతి సంవత్సరం ఉంటారు. ఈ రోజు దానికంటే ముందు తేల్చుకోవలసిన విషయాన్ని తీసుకున్నాం. అసలు లా ఎందుకు చదవాలి, వకీలు ఎందుకు కావాలి? నల్లగొండ కోర్టులో చాలా కాలంగా సివిల్, క్రిమినల్ కేసులు చూస్తున్న సీనియర్ న్యాయవాది మన స్టూడియోలో ఉన్నారు. మేడం, నమస్కారం. మొదటి ఫోన్ దేవరకొండ నుంచి వచ్చింది.

దేవరకొండ శ్రోత: నమస్తే మేడం. మాది దేవరకొండ దగ్గర తండా. నేను బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు కానీ, నాకు లా చదవాలని ఉంది. ఎందుకని అడిగితే మాత్రం గట్టిగా ఏమీ చెప్పలేకపోతున్నాను. తండాలో ఎవరికి పోలీసు స్టేషన్ నుంచి గానీ తహసీల్దారు ఆఫీసు నుంచి గానీ కాగితం వచ్చినా, చదివి అర్థం చెప్పమని నా దగ్గరికే తెస్తారు. ఆ పని నాకు ఇష్టం. ఇంత చిన్న కారణంతో లా చదవవచ్చా?

న్యాయవాది: చదవవచ్చమ్మా. నేను ఈ మధ్య విన్న కారణాల్లో ఇది గట్టిదని చెబుతాను. నా దగ్గర జూనియర్లుగా చేరడానికి వచ్చే పిల్లలను లా ఎందుకు చదివారని అడుగుతుంటాను. న్యాయం కోసం పోరాడాలని కొందరు, సమాజంలో గౌరవం ఉంటుందని కొందరు, బాగా మాట్లాడతానని అందరూ అన్నారని మరికొందరు చెబుతారు. వీటిలో ఏదీ తప్పు కాదు. అయితే కాజ్‌లిస్టులో, అంటే ఆ రోజు కోర్టు వినే కేసుల జాబితాలో, మన కేసు నలభయ్యో నంబరులో ఉండి, సాయంత్రం నాలుగున్నరకు పిలిచి, ఎదుటి వకీలు రాలేదని వాయిదా వేసిన రోజున ఆ కారణాలు మనిషిని నిలబెట్టవు. వకీలు పనిలో మాట్లాడేది కొంచెమే, చదివేది చాలా. పహాణీలు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు, ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఎదుటి పక్షం వేసిన కౌంటరు, వీటిలో రాసి ఉన్నదానికీ మన కక్షిదారు చెబుతున్నదానికీ తేడా ఎక్కడుందో పట్టుకోవడమే మా పనిలో ముప్పావు భాగం. ఇతరుల కాగితాన్ని ఓపికగా చదివి, అది వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం నీకు ఇష్టమైతే, ఆ ముప్పావు భాగం నీకు కష్టం అనిపించదు. మిగిలిన పావు భాగం, అంటే జడ్జి ముందు నిలబడి మాట్లాడటం, అభ్యాసంతో వస్తుంది.

దేవరకొండ శ్రోత: మరి పరీక్ష కష్టంగా ఉంటుందా మేడం? నాది తెలుగు మీడియం.

న్యాయవాది: డిగ్రీ అయినవారికి మూడేళ్ల ఎల్ఎల్‌బీ ఉంటుంది. దానికి లాసెట్ రాయాలి. తొంభై నిమిషాల్లో 120 ప్రశ్నలు ఇస్తారు. వాటిలో 60 చట్టం, రాజ్యాంగం మీద అవగాహనకు సంబంధించినవి, మిగిలినవి జనరల్ నాలెడ్జి, వర్తమాన వ్యవహారాలు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. అర్హతకు 42 మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన లేదు. డిగ్రీలో మాత్రం జనరల్ వారికి 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. ప్రవేశం కంటే కష్టమైనది తరువాత వస్తుందమ్మా, పై కోర్టుల తీర్పులు ఇంగ్లీషులోనే చదువుకోవాలి. రోజుకు ఒక పేజీ చొప్పున ఇప్పుడే మొదలుపెట్టు. ఇంట్లో వాళ్లను ఎదిరించి చేరమని నేను చెప్పను. లాసెట్‌కు వయోపరిమితి లేదు కాబట్టి, బీఈడీ పూర్తి చేసిన తరువాత కూడా ఈ దారి ఉంటుంది. ఈలోగా పనిదినాల్లో ఒక ఉదయం దేవరకొండ కోర్టుకు వెళ్లి వెనుక బెంచీలో కూర్చో. విచారణలు సాధారణంగా అందరూ చూడదగినవే, నిన్ను ఎవరూ లేపరు. మధ్యాహ్నం దాకా విసుగు రాకపోతే ఆ సంగతి మీ అమ్మానాన్నలకు చెప్పు.

వ్యాఖ్యాత: జడ్చర్ల నుంచి ఒక తండ్రి గారు లైన్‌లో ఉన్నారు.

జడ్చర్ల శ్రోత: నమస్కారమమ్మా. మా వాడు ఇంటర్ పూర్తి చేశాడు. ఐదేళ్ల లా చదువుతాడట, క్లాట్ కోచింగ్‌కు హైదరాబాద్ పంపమంటున్నాడు. పెద్ద కంపెనీల్లో జీతాలు బాగుంటాయని చెబుతున్నాడు. డబ్బు కోసం వకీలు కావడం ఏమిటని నాకు అనుమానంగా ఉంది.

న్యాయవాది: డబ్బు సంపాదించాలనే కారణాన్ని నేను తక్కువ చేసి చూడను అన్నా. కంపెనీల ఒప్పందాలు రాసే వకీలుకు కూడా చట్టం తెలియాలి, ఆ పనిలో కూడా మోసం జరగకుండా చూసే బాధ్యత ఉంటుంది. కాకపోతే ఆ ఉద్యోగాలు ఎక్కువగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులను వెతుక్కుంటూ వస్తాయి, మనకు దగ్గరలో శామీర్‌పేటలోని నల్సార్ అటువంటిది. అక్కడికి వెళ్లాలంటే క్లాట్ రాయాలి. అందులో కూడా 120 ప్రశ్నలే కానీ, రెండు గంటల పాటు ఇంగ్లీషు పేరాలు చదివి జవాబులు గుర్తించాలి, తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. ఫీజులు లక్షల్లో ఉంటాయి. అది రాకపోతే లాసెట్ ద్వారా ఇక్కడి కాలేజీల్లోనే ఐదేళ్ల కోర్సు ఉంది. డిగ్రీ, ఆ తరువాత మూడేళ్ల లా అంటే ఆరేళ్లు పడుతుంది కాబట్టి ఒక సంవత్సరం కలిసివస్తుంది. పద్దెనిమిదేళ్ల వయసులో లా చదవాలని నిజంగా తేల్చుకున్న పిల్లవాడికి ఐదేళ్ల కోర్సు మంచిది, తేల్చుకోనివాడికి ముందు డిగ్రీయే మంచిది. అబ్బాయి పక్కనే ఉంటే ఫోన్ ఇవ్వండి, ఇందాకటి నుంచి కారణాలన్నీ మీరే చెబుతున్నారు.

జడ్చర్ల శ్రోత: లేడమ్మా, క్రికెట్‌కు పోయాడు.

న్యాయవాది: అయితే వచ్చాక, కంపెనీ వకీలు రోజంతా ఏం చేస్తాడో ఒక కాగితం మీద రాసి ఇవ్వమని అడగండి. రాయగలిగితే కోచింగ్‌కు పంపండి.

వ్యాఖ్యాత: నాగర్‌కర్నూల్ నుంచి ఒక సోదరి మాట్లాడుతున్నారు.

నాగర్‌కర్నూల్ శ్రోత: మేడం, నాకు నలభై ఏళ్లు దాటాయి, డిగ్రీ చదివాను. మా నాన్న పోయిన తరువాత భూమిలో నాకు భాగం లేదని మా అన్నదమ్ములు అంటున్నారు. పెండ్లికి కట్నం ఇచ్చాం కదా, అదే నీ భాగం అని పంచాయితీలో తేల్చారు. వకీలును పెట్టుకునే స్తోమత నాకు లేదు. నేనే లా చదివి నా కేసు నేనే వాదించుకోవాలని అనుకుంటున్నాను.

న్యాయవాది: మీ పట్టుదలను గౌరవిస్తూనే ఒక మాట చెబుతానమ్మా. మీ కేసు కోసం లా చదవకండి. కోర్సుకు మూడేళ్లు పడుతుంది, ఆ తరువాత వకీలుగా బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు, అంటే ఎన్‌రోల్‌మెంటు, బార్ పరీక్ష. ఈ కాలంలో ఆ భూమి చేతులు మారితే, కొన్నవాళ్లను కూడా కేసులోకి లాగవలసి వస్తుంది. దావా ముందే వేసి ఉంటే, ఆ తరువాత జరిగిన అమ్మకాలు కోర్టు తీర్పుకు లోబడి ఉంటాయి. అందువల్ల ఇప్పుడు చేయవలసింది భాగపంపిణీ దావా, దానితో పాటు భూమి అమ్మకుండా ఇంజంక్షన్ పిటిషన్. మీరు మహిళ కాబట్టి, ఆదాయం ఎంత ఉన్నా సరే, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో వకీలును పొందే అర్హత మీకు ఉంది. నాగర్‌కర్నూల్ కోర్టు ప్రాంగణంలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి.

నాగర్‌కర్నూల్ శ్రోత: కట్నం ఇస్తే భాగం పోతుందా మేడం?

న్యాయవాది: కట్నం ఇచ్చారన్న కారణంతోనే కూతురి హక్కు పోదు. మీరు హిందూ వారసత్వ చట్టం కిందికి వచ్చేవారైతే, భూమి మీ నాన్నగారు సొంతంగా సంపాదించినదై, ఆయన వీలునామా రాయకుండా పోయినట్లయితే, 1956 చట్టం ప్రకారం కొడుకులతో సమానంగా మీకు వాటా వస్తుంది. పిత్రార్జితమైతే, 2005 సవరణ కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది, ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2004 డిసెంబర్ 20 కంటే ముందు రిజిస్టర్డ్ పత్రంతో గానీ కోర్టు డిక్రీతో గానీ పంపకం జరిగి ఉంటే లెక్క మారుతుంది. కాగితాలు చూడకుండా ఇంతకంటే చెప్పడం సరికాదు. ఇక మీ చదువు సంగతి. ఎవరి కేసు వారు వాదించుకోవడానికి లా డిగ్రీ అవసరం లేదు, ఆ హక్కు ఇప్పటికే ఉంది. కానీ సొంత కోపంతో నల్లకోటు వేసుకున్నవారు ఆ ఒక్క కేసు ముగిసిన తరువాత ఏం చేయాలో తెలియక ఆగిపోవడం నేను చూశాను. మీ దావా నడుస్తుండగా, కోర్టుకు వచ్చే మరో ఆడపడుచు గోడు వినాలని, ఆమె కాగితాలు చూడాలని మీకు అనిపిస్తే, అప్పుడు లాసెట్ రాయండి. నలభై ఐదేళ్లకు చేరినా ఎవరూ అడ్డు చెప్పరు.

వ్యాఖ్యాత: మిర్యాలగూడ నుంచి ఒక సోదరుడు.

మిర్యాలగూడ శ్రోత: మేడం, నేను రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. కాలేజీకి పోకుండా లా పట్టా తీసుకోవచ్చని ఒకాయన చెప్పాడు. ప్రాక్టీసు చేయను, పేరు పక్కన ఎల్ఎల్‌బీ ఉంటే చాలు.

న్యాయవాది: క్లాసులకు కనీసం 70 శాతం హాజరు ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన. దూరవిద్యలో చదివిన ఎల్ఎల్‌బీతో ఎన్‌రోల్ కాలేరు. ఎన్‌రోల్ అయినవారు పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయకూడదు. ఒకాయన చెప్పిన దారిలో డబ్బు కట్టకండి తమ్ముడూ. బండి మీద అడ్వకేట్ స్టిక్కరు కోసమే అయితే, దానివల్ల చలానా తగ్గదని కూడా తెలుసుకోండి.

వ్యాఖ్యాత: కల్వకుర్తి నుంచి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు మాట్లాడుతున్నారు.

కల్వకుర్తి శ్రోత: నమస్కారం. మా పాలమూరు వారైన బూర్గుల రామకృష్ణారావు గారు వకీలుగా పని చేసి, 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు కూడా లా చదివినవారే. అటువంటివారిని చూసి మా మనవరాలిని లా చదవమని నేనే ప్రోత్సహించాను. ఇప్పుడు ఆ అమ్మాయే, తప్పు చేసినవాడి పక్షాన నిలబడటం ధర్మమా తాతయ్యా అని అడుగుతోంది. నా దగ్గర జవాబు లేదు.

న్యాయవాది: ఈ ప్రశ్న రాని విద్యార్థి గురించే నేను భయపడతాను మాస్టారూ. తప్పు చేశాడని ఎవరు తేల్చారు? పోలీసులు ఆరోపించారు, పత్రికలు రాశాయి, ఊరు నమ్మింది. తేల్చవలసింది కోర్టు. నిందితుడి తరఫున ప్రశ్నలు అడిగేవారు లేకపోతే ఆ తేల్చడం ఏకపక్షం అవుతుంది. అందుకే అరెస్టయిన వ్యక్తికి తనకు నచ్చిన వకీలును సంప్రదించే హక్కును రాజ్యాంగం 22వ అధికరణంలో ఇచ్చింది, పేదవారికి ఉచిత న్యాయ సహాయం అందించాలని 39ఏ చెబుతోంది. దొంగతనం కేసుల్లో జైలుకు వచ్చేవారిలో జామీను ఇచ్చేవారు లేక లోపలే ఉండిపోయేవారు ఉంటారు. వాళ్ల తరఫున బెయిలు పిటిషన్ వేసేటప్పుడు నేను దొంగతనాన్ని సమర్థించడం లేదు. అయితే కొన్ని హద్దులున్నాయి. అబద్ధమని తెలిసిన సాక్ష్యాన్ని వకీలు తయారు చేయకూడదు, సాక్షికి నేర్పించి అబద్ధం చెప్పించకూడదు. నిజంగా మనసు ఒప్పని మనవరాలికి ప్రాసిక్యూషన్ వైపు, అంటే ప్రభుత్వం తరఫున నేరాన్ని రుజువు చేసే వైపు, దారి ఉంది. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులను పోలీసు నియామక మండలి భర్తీ చేస్తుంది, వాటికి మూడేళ్ల ప్రాక్టీసు కావాలి. ఆ మూడేళ్లలో ఆమె డిఫెన్సు పని కూడా చూస్తే, తరువాత మంచి ప్రాసిక్యూటర్ అవుతుందని నా నమ్మకం.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ మహబూబ్‌నగర్ నుంచి, ఒక యువ న్యాయవాది.

మహబూబ్‌నగర్ శ్రోత: మేడం, ఎన్‌రోల్ అయి రెండేళ్లయింది. సీనియర్ దగ్గర వాయిదాలు రాసుకోవడం, కాపీ అప్లికేషన్లు పెట్టడం తప్ప వేరే పని లేదు. నెలకు పెట్రోలు ఖర్చులు కూడా రావు. జడ్జి పరీక్ష రాద్దామంటే మూడేళ్లు ఆగమన్నారు. వదిలేసి గ్రూప్స్ చదవమని స్నేహితులు అంటున్నారు.

న్యాయవాది: ఈ పరిస్థితిని లా కాలేజీల్లో ముందే చెప్పాలని నేను ఎప్పుడూ అంటుంటాను. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది, కానీ అది సూచన మాత్రమే, బలవంతం లేదు. ఎన్‌రోల్‌మెంటు ఫీజు జనరల్ వారికి 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించకూడదని అదే సంవత్సరం సుప్రీంకోర్టు చెప్పడం వల్ల తలుపు దగ్గర భారం తగ్గింది, లోపలి భారం అలాగే ఉంది. ఇంట్లో వేరే ఆదాయం లేని పిల్లలు ఈ వృత్తిలోకి వచ్చే ముందు రెండు మూడేళ్ల తిండి ఖర్చు ఎక్కడిదో చూసుకోవాలి. ఇక జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తిరిగి నిబంధన పెట్టింది. ఆ మూడేళ్లు తాత్కాలిక ఎన్‌రోల్‌మెంటు తేదీ నుంచే లెక్కిస్తారు, పదేళ్ల అనుభవం ఉన్న వకీలు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. రెండేళ్లు గడిచాయి కాబట్టి ఇప్పుడు వదిలేస్తే, చేతికి వచ్చిన అర్హతను దాని ముందు సంవత్సరంలో వదులుకున్నట్లు అవుతుంది.

మహబూబ్‌నగర్ శ్రోత: ఉండమంటారా మరి?

న్యాయవాది: వాయిదాలు రాయడం వల్ల కాదు, పని నేర్చుకోవడం లేదన్న బాధ వల్ల మీరు వదిలేద్దామనుకుంటున్నారని నాకు అనిపిస్తోంది. ఈ వారమే మీ సీనియర్‌ను నేరుగా అడగండి, ఒక చెక్ బౌన్స్ కేసులో సాక్షిని ప్రశ్నించే క్రాస్ గానీ, తీర్పును అమలు చేయించే ఒక చిన్న ఈపీ గానీ మొదటి నుంచి చివరి దాకా మీ చేత చేయించమని. కుదరదంటే సీనియర్‌ను మార్చుకోవడంలో తప్పేమీ లేదు. మీ దగ్గరున్న ఫైళ్లను పద్ధతిగా అప్పగించి, వేరే ఆఫీసులో చేరండి.

మహబూబ్‌నగర్ శ్రోత: మార్చుకోవడం కష్టం మేడం. ఆయన మా మేనమామ.

న్యాయవాది: అయితే ముందు మీ అమ్మగారితో మాట్లాడండి. ఆ పిటిషన్ ఆవిడే వేయాలి.