జాందానీ: పూలకుండీయా, బట్టల పెట్టా?

నమస్కారం. పెళ్లి చీరలు చూడ్డానికి వెళ్తే ‘ఉప్పాడ జాందానీ’ అనే మాట వినే ఉంటారు. ఉప్పాడ అంటే కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మరి జాందానీ అంటే?

మాట పర్షియన్‌ది. ఎక్కువమంది చెప్పేది ఇదీ: ‘జామ్’ అంటే పువ్వు, ‘దానీ’ అంటే పాత్ర, కలిపితే పూలకుండీ. గుడ్డ నిండా పూలే కాబట్టి వినడానికి బాగుంది. కానీ నాకు నమ్మబుద్ధి కాదు. పర్షియన్‌లో పువ్వు ‘గుల్’, మన గులాబీలో ఉన్నది అదే. జామ్ అంటే మధువు తాగే గిన్నె. గజళ్లు వినేవాళ్లకు ఇది బాగా తెలుసు.

ఇంకో దారి చూద్దాం. ‘జామా’ అంటే ఒంటికి తొడుక్కునే బట్ట. ‘పాయ్’ అంటే కాలు, కాలికి తొడిగే జామా కాబట్టి పైజామా. ‘దాన్’ అంటే దేన్నైనా పెట్టుకునేది, పాన్‌దాన్‌లో లాగా. జామా, దాన్ కలిస్తే బట్టల పెట్టె! ఇరాన్‌లో ఇప్పటికీ సూట్‌కేస్‌ని ‘చమెదాన్’ అంటారు. అదే మాట రష్యాకు వెళ్లి ‘చెమొదాన్’ అయింది. ఉర్దూలో జాందానీకి బట్టల పెట్టె అనే అర్థమూ ఉంది, పూలు నేసిన గుడ్డ అనే అర్థమూ ఉంది. అంత ఖరీదైన గుడ్డను పెట్టెలోనే కదా దాచుకునేది! అందుకే నా ఓటు పెట్టెకే.

పూలు ‘నేసిన’ గుడ్డ అన్నాను, గమనించండి. కుట్టినవి కావు, అద్దినవీ కావు. మామూలు నేతలో పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు) రెండే. జాందానీలో పువ్వు రావాల్సిన చోట ఇంకో దారాన్ని, ఆ పువ్వు వెడల్పు మేరకే, చేత్తో దూర్చి వెనక్కి తిప్పుతారు. వరసలో ఎన్ని పూలుంటే అన్ని చిన్న కండెలు (దారం చుట్టిన పుల్లలు). అందుకే ఒక్క మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. పని దట్టంగా ఉంటే రోజంతా నేసినా కొన్ని అంగుళాలే.

ఈ విద్యకు పుట్టిల్లు ఢాకా ప్రాంతం, శీతలక్ష్య నదీ తీరం. పలుచటి మస్లిన్ మీద పూలు తేలుతున్నట్టు నేసేవారు. అక్కడి జాందానీ నేతను 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఉప్పాడ జాందానీకి 2009లోనే జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది.

కొనేటప్పుడు చీర తిరగేసి చూడండి. మరమగ్గం నకళ్లలో పువ్వుకీ పువ్వుకీ మధ్య దారాలు వేలాడుతుంటాయి, లేదా కత్తిరించిన కొనలు చేతికి గరుగ్గా తగులుతాయి. అసలైన ఉప్పాడ జాందానీలో బుటా, అంటే నేసిన పువ్వు, రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది.