ఒక మెగావాట్ వేడికి ఎన్ని నీళ్లు?

అందరికీ నమస్కారం.

ఇంటర్నెట్, పర్యావరణం అనగానే మాట కరెంటు మీదికి పోతుంది. పోవాల్సిందే. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచం వాడిన విద్యుత్తులో సుమారు 1.5 శాతం డేటా సెంటర్లదే, అంటే ఇంటర్నెట్‌ను నడిపే సర్వర్లనే కంప్యూటర్లు వరుసలుగా ఉండే భవనాలదే. ఐర్లండ్‌లో 2023లోనే ఆ వాటా 21 శాతం. కానీ చుట్టుపక్కల ఊళ్లకు ముందుగా తగిలేది నీటి దెబ్బ. అందుకే ఆ లెక్కే చూద్దాం.

సర్వర్‌ తిన్న ప్రతి యూనిట్ కరెంటూ చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఆ వేడిని నీటి ఆవిరితో వదిలించుకునే చోట, యూనిట్‌కి సుమారు లీటరున్నర నీళ్లు గాల్లో కలుస్తాయి. ఒక మెగావాట్ సర్వర్లు రోజంతా నడిస్తే 24,000 యూనిట్లు, అంటే 36,000 లీటర్లు.

అంతటితో అయిపోదు. నీరు ఆవిరైనా లవణాలు కూలింగ్ టవర్లోనే మిగిలి గొట్టాలకు గార కడతాయి. అందుకని చిక్కబడ్డ నీటిని కొంత వదిలేస్తూ ఉండాలి. లవణాలు నాలుగు రెట్లయ్యేదాకా ఆగగలిగితే రోజుకు మరో 12,000 లీటర్లు పోతాయి. వచ్చే నీరే ఉప్పనిదై రెండు రెట్లకే వదలాల్సి వస్తే 36,000. పైగా అందులో తుప్పు పట్టకుండా, న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరగకుండా కలిపిన మందులుంటాయి. శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే ఆ భారం కింది ఊళ్లది.

నీళ్లు ఆవిరి చేయకుండా చిల్లర్లతో, అంటే పెద్ద ఏసీల్లాంటి యంత్రాలతో చల్లబరచవచ్చు, అయితే కరెంటు ఎక్కువ పడుతుంది. సంస్థలు గొప్పగా చూపించే పీయూఈ (పవర్ యూసేజ్ ఎఫెక్టివ్‌నెస్) అనే కొలతలో ఈ బేరం కనబడదు. భవనం మొత్తం వాడిన కరెంటును సర్వర్లు వాడినదానితో భాగిస్తే వచ్చే సంఖ్య అది. నీళ్ల ఊసే ఉండదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. సర్వర్ లోపలి ఫ్యాన్ల కరెంటు సర్వర్ల ఖాతాలోనే పడుతుంది. హాలులో ఉష్ణోగ్రత పెంచితే చిల్లర్లకు పని తగ్గుతుంది, ఫ్యాన్లు మాత్రం జోరందుకుంటాయి. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది లాగే కరెంటు దాదాపు ఎనిమిది రెట్లు! మొత్తం వాడకం పెరిగినా పీయూఈ తగ్గినట్టే కనబడవచ్చు.

కాబట్టి మీ దగ్గర డేటా సెంటర్ పెట్టేముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో నీటి వాడకానికి ఏడాది సగటు చూపిస్తే ఒప్పుకోకండి. శీతాకాలంలో నీళ్లు అక్కర్లేని రోజుల సున్నాలతో కలిసి ఆ సగటు చిన్నదైపోతుంది. అత్యంత వేడి రోజున ఎన్ని లీటర్లు కావాలి, అవి తాగునీటి పైపు నుంచా, బోర్ల నుంచా, శుద్ధి చేసిన మురుగునీటి నుంచా అని అడగండి. ఆ రోజు సరఫరా తగ్గితే ముందు ఎవరి వాల్వు కట్టేస్తారో ఒప్పందంలో రాయించండి. ఉద్యోగాల హామీ వచ్చినప్పుడు నిర్మాణపు కూలీలను, తర్వాత మిగిలే ఉద్యోగులను విడివిడిగా లెక్క చెప్పమనండి. రెండో సంఖ్య చాలా చిన్నది.