మలుపులో పెట్రోల్ అందట్లేదా? పంపు కొనేముందు ఇది చూడండి

నమస్తే. టర్బో బూస్ట్ పెంచి, ట్రాక్‌కి తీసుకెళ్లే కార్ల గురించే ఈ వీడియో. స్ట్రెయిట్‌లో బ్రహ్మాండంగా లాగుతుంది, పొడవాటి మలుపులోకి వెళ్లగానే ఒక్కసారి గొంతు పట్టేసినట్టు అవుతుంది. చాలామంది చేసే మొదటి పని ఏంటంటే, పెద్ద పంపు వేసేయడం. ట్యాంకులో పెట్రోల్ పీల్చే మూతి, అంటే పికప్ దగ్గర పెట్రోలే లేనప్పుడు పెద్ద పంపు ఏం చేస్తుంది? గాలిని ఇంకాస్త జోరుగా పీలుస్తుంది.

అందుకే ముందు ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం, అంటే ఇంజెక్టర్ రైలు మీద ప్రెజర్ సెన్సర్ పెట్టి, కారు నడుస్తుండగా రీడింగులు రికార్డయ్యేలా లాగ్ తీయండి. స్క్రీన్ మీద ఈ రెండు గీతలు చూడండి. పైది ఆర్‌పీఎం పెరిగేకొద్దీ మెల్లగా జారుతోంది: పంపు చాలట్లేదు, లేదా దానికి కరెంటు సరిగా అందట్లేదు. కిందది మలుపులో మాత్రమే రంపం పళ్లలా ఊగుతోంది. ట్యాంకులో పెట్రోల్ ఒక పక్కకి ఒరిగి పికప్ బయటపడిందన్నమాట. రెండూ ఒకే జబ్బు కాదు, ఒకే మందు పనిచేయదు.

మొదటిది త్వరగా తేల్చేద్దాం. 300 హార్స్‌పవర్ టర్బో పెట్రోల్ ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో గంటకు సుమారు 110 లీటర్లు తాగుతుంది. మన బంకుల్లో ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ కాబట్టి ఇంకాస్త ఎక్కువ తాగుతుంది, 120 అనుకోండి. పావు వంతు మార్జిన్ కలిపితే 150. బేస్ ప్రెజర్, అంటే బూస్ట్ లేనప్పటి పెట్రోల్ ప్రెజర్ 3 బార్, బూస్ట్ 1 బార్ అయితే రైల్లో 4 బార్ ఉండాలి. ఆ 150 లీటర్లు 4 బార్ దగ్గర రావాలి. పంపు డబ్బా మీద రాసిన 255 లీటర్లు తక్కువ ప్రెజర్ దగ్గరి లెక్క, దాన్ని చూసి మురిసిపోకండి. ఇంజిన్ నడుస్తుండగా పంపు ప్లగ్ దగ్గర వోల్టేజ్ కొలవండి. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి ఇక్కడ 12 కూడా రాకపోతే తప్పు వైరింగ్‌ది. బ్యాటరీ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, పంపు దగ్గర రిలే. పాత పంపు వైరు రిలేని ఆన్ చేయడానికి మాత్రమే. ఎర్త్ కూడా కొత్తదే వేయండి, దీన్నే అందరూ మర్చిపోతారు.

ఇక అసలు విషయం, రెండో గీతకి మందు: సర్జ్ ట్యాంకు, అంటే మెయిన్ ట్యాంకుకీ ఇంజిన్‌కీ మధ్య ఎప్పుడూ నిండుగా ఉండే చిన్న ట్యాంకు. 2 లీటర్లు చాలు. మెయిన్ ట్యాంకులోని లిఫ్ట్ పంపు దీన్ని నింపుతూ ఉంటుంది. హై ప్రెజర్ పంపు దీని అడుగు నుంచి లాగుతుంది. అన్నిటికంటే పైన ఉన్న పైపు, గాలితో సహా, మెయిన్ ట్యాంకుకి ఓవర్‌ఫ్లో. ఆ పైపు సన్నగా ఉండకూడదు, ఎక్కడా నలగకూడదు.

తప్పు జరిగేది రిటర్న్ లైన్ దగ్గర. రైల్లో ప్రెజర్‌ని నిలబెట్టే రెగ్యులేటర్ నుంచి వెనక్కి వచ్చే మిగులు పెట్రోల్, అంటే రిటర్న్, సర్జ్ ట్యాంకులోకే రావాలి. అప్పుడు లిఫ్ట్ పంపు గాలి పీల్చినా, ఇంజిన్ గంటకు 120 లీటర్ల చొప్పున కాల్చేది మాత్రమే తగ్గుతుంది: 2 లీటర్లు 60 సెకన్లు. రిటర్న్‌ని మెయిన్ ట్యాంకుకి పంపారో, గంటకు 240 లాగే పంపు 30 సెకన్లలో ఖాళీ చేస్తుంది. లిఫ్ట్ పంపు కూడా దానితో పోటీ పడాల్సి వస్తుంది. రిటర్న్‌ని అడుగు అవుట్‌లెట్‌కి దూరంగా పెట్టండి, నురుగు లోపలికి పోకుండా.

ట్యాంకు లోపల మునిగే పైపు ఎస్ఏఈ జె30 ఆర్10 రకమే అయ్యుండాలి. మామూలు ఫ్యూయల్ పైపు బయటి పొర పెట్రోల్‌లో ఉబ్బి, మెత్తబడి, చివరికి క్లిప్పు దగ్గర చీలుతుంది. అప్పుడు కొత్త పంపు కూడా ప్రెజర్ ఇవ్వదు, మీరేమో పంపుని తిడతారు.

సర్జ్ ట్యాంకు డిక్కీలో పెడితే క్యాబిన్‌కి ఆవిరి రాకుండా మూసిన పెట్టెలోనే పెట్టండి. పని మొదలుపెట్టే ముందు లైన్ ప్రెజర్ తీసేసి, బ్యాటరీ నెగెటివ్ ఊడదీయండి.

ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, ఈసీయూలో ఒక రక్షణ కూడా పెట్టుకోండి: బూస్ట్‌లో ఉండగా, రైలు ప్రెజర్ ఉండాల్సిన దానికంటే అర బార్ తగ్గితే వెంటనే బూస్ట్ కట్. పెట్రోల్ తగ్గి, గాలి ఎక్కువై మిశ్రమం లీన్ అయ్యాక నాకింగ్‌తో, అంటే సిలిండర్లో అదుపు తప్పి మండడంతో, పిస్టన్ రింగుల మధ్య గట్టు విరగడానికి ఒక్క మలుపు చాలు.

అన్నీ బిగించాక ట్యాంకు సగంతో మొదలుపెట్టి, ల్యాపు ల్యాపుకీ లాగ్ చూస్తూ దించండి. ఎన్ని లీటర్ల దగ్గర గీత మొదటిసారి వణికిందో, దానికి ఇంకో 5 కలిపి, ఆ అంకెని టేపు మీద రాసి ఫ్యూయల్ మూత లోపల అంటించండి.