పక్క టేబుల్ అన్న

అందరికీ నమస్కారం. కొత్తగా డ్యూటీలో చేరిన వాళ్లకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఫైళ్లు, రూల్సు చెప్పడానికి నాకంటే బాగా తెలిసిన పెద్దలు ఇక్కడే ఉన్నారు కాబట్టి, నేను మా పక్క టేబుల్ అన్న గురించి చెప్తా. పేరు మాత్రం చెప్పను, మైకులో తన మాట వచ్చిందని తెలిస్తే రేపటినుంచి నాతో చాయ్ తాగడు.

నల్లగొండ ఆఫీసులో చేరిన మొదటి రోజు నన్ను పలకరించింది ఆయనొక్కడే. "ఏం తమ్మీ, నాష్తా అయ్యిందా?" అన్నాడు. మా ఇద్దరి మధ్య ఒక ఇనుప బీరువా, దాని మీద ఎవరు పెట్టారో తెలియని మనీప్లాంటు, అంతే దూరం. అప్పటినుంచి మా అమ్మ మోకాళ్ల నొప్పులు, పాప స్కూలు ఫీజు, నా లోను టెన్షన్, అన్నీ ఆయనకు తెలుసు. ఏడాదిన్నర గడిచాక ఒకరోజు సెక్షన్‌లో ఒకామె "మీ పక్కన కూర్చునే సార్‌ది ఏ ఊరండీ?" అని అడిగితే "పాలమూరు దిక్కు" అన్నా. పాలమూరు దిక్కంటే ఎక్కడ? 2016లో విడిపోకముందు అటు షాద్‌నగర్ నుంచి ఇటు అలంపూర్ దాకా అదంతా ఒక్క జిల్లానే కదా! పిల్లలెంతమందో కూడా నాకు తెలియదు. సిగ్గేసింది. కలుపుగోలు మనిషితో వచ్చే చిక్కే ఇది, అడిగేదంతా ఆయనే అడుగుతాడు, మనం చెప్పుకుంటూ పోతాం, దోస్తానా కుదిరిందనుకుంటాం.

ఇక నేను అడగడం మొదలుపెట్టా. "మాదేముంది తమ్మీ, నడుస్తుంది" అని నవ్వేసి మళ్లీ మా అమ్మ మోకాళ్ల దగ్గరికే వచ్చేవాడు. చివరికి సద్ది దగ్గర దారి దొరికింది. ఆయన రోజూ తెల్లగుడ్డలో చుట్టి జొన్నరొట్టెలు తెస్తాడు, పలచగా, అంచులు కొంచెం మాడి ఉంటాయి. రొట్టె మీద పల్లికారం వేలితో రాసి, చుట్ట చుట్టి, మొదటిది నా మూత మీద పెట్టి, ఆ తర్వాతే తను తింటాడు. నాది ఎప్పుడూ అన్నమే, మిర్యాలగూడ దగ్గర మా పొలంలో పండిన బియ్యం. "అన్నా, నువ్వు అన్నం తినవా?" అన్నా ఒకరోజు, ఊరికే. ఆయన నా బాక్సులోకి చూసి "ఇది సాగర్ నీళ్లదేనా?" అన్నాడు. అవును, ఎడమ కాలువ ఆయకట్టు అన్నా. "మా తాత ఆ కట్టకు రాళ్లు మోసిండు" అన్నాడు.

సాగర్ కట్ట రాతికట్టడమని మీకు తెలిసే ఉంటుంది. 1955 డిసెంబర్‌లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది, మధ్యలో ఆ రాయి మోసిన చేతులు మాత్రం మన పుస్తకాల్లో లేవు. ఆయన తాత, నాయనమ్మ ఇద్దరూ, కూలీలను పోగుచేసి పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలను ముసలామె దగ్గర వదిలి వచ్చారట. ఊరు మక్తల్ దగ్గర. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది ఆ పక్కనే, తంగిడి దగ్గర. నది పక్కనుంచే పోతుంది, చేనుకు మాత్రం వానే దిక్కు, భీమా ఎత్తిపోతల నీళ్లు వచ్చేదాకా అంతే. "మా చిన్నప్పుడు అన్నమంటే పండుగకే తమ్మీ" అన్నాడు, బాధేమీ లేకుండా, బస్సు టైమింగ్ చెప్పినట్టు. నాకేమో చిన్నప్పటినుంచీ కాలువంటే ఈత కొట్టడమే.

ఆ తర్వాత మిగతావన్నీ మెల్లగా వచ్చాయి. ఇద్దరు బిడ్డలు, పెద్దామె నర్సింగ్ చదువుతుంది. మనీప్లాంటు పెట్టింది కూడా ఆయనే!

అన్నట్టు, ఇన్నేళ్లు నల్లగొండలో ఉండి కూడా ఆయన సాగర్ కట్ట చూడలేదు. బస్సెక్కితే రెండు గంటల దారి. రెండుసార్లు పోదామనుకున్నాం. ఒకసారి ఎలక్షన్ డ్యూటీ పడింది. ఇంకోసారి బస్టాండు దాకా వచ్చి, "ఇయ్యాల వద్దులే తమ్మీ" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. అదొక్కటి నేనూ అడగలేదు, ఇద్దరం అక్కడే చాయ్ తాగి ఇంటికి పోయాం.